ఇన్సులినును లోకమున కొసగిన బాంటింగు

నవంబరు 14వ తేదీ యనగానే మన పాఠశాలలలో పిల్లలకు గుర్తువచ్చునది బాలల దినోత్సవము. ఆనాడు నెహ్రూగారి చిత్రపటమునకు పూలమాల వేయుదుము, ఆటల పందెములు పెట్టుదుము, మిఠాయిలు పంచుదుము. నెహ్రూగారు పుట్టిన రెండేండ్లకు, సరిగా అదే తేదీన, 1891వ సంవత్సరమున, సముద్రముల కావల కెనడా దేశమున ఒక రైతు ఇంట మరియొక శిశువు జన్మించెను. ఆ శిశువు పేరు ఫ్రెడరిక్ గ్రాంట్ బాంటింగు. ఆయన పుట్టినరోజును ప్రపంచమంతటను మధుమేహ దినముగా జరుపుచున్నారు. 1991లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్యయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కలసి ఈ దినమును ఏర్పరచినవి. 2006లో ఐక్యరాజ్యసమితియు దానిని అంగీకరించినది. మిఠాయిలు పంచు దినమును, మిఠాయి తినుటకు ముందు లెక్క చూచుకొనవలసిన పిల్లల దినమును ఒక్కటే యగుట కాకతాళీయమే. అయినను ఆ మహనీయుని చరిత్రను ఈ సంచికలో వ్రాయుటకు మాకు అది చాలిన కారణముగా తోచినది.

మధుమేహమును మన ఇండ్లలో చక్కెర వ్యాధి యందుము. హోసూరు ఆస్పత్రిలో దానినే సక్కరై నోయ్ అందురు. బెంగుళూరు వెళ్ళినచో సక్కరె కాయిలె యందురు. పేరు ఏదైనను అది నలుబది దాటిన పెద్దలకు వచ్చు వ్యాధియని మనలో పలువురి నమ్మకము. అది సగము సత్యము మాత్రమే. పసిపిల్లలకును, బడిపిల్లలకును వచ్చు మధుమేహము వేరొకటి కలదు. మన జీర్ణాశయము వెనుక క్లోమమను గ్రంథి యున్నది. అందలి చిన్న కణసముదాయములు ఇన్సులిను అను రసమును రక్తములోనికి విడుచుచుండును. మనము తిన్న అన్నమో సంగటియో చక్కెరగా మారి రక్తమున చేరినపుడు, ఆ చక్కెరను దేహకణములలోనికి చేర్చునది ఈ రసమే. కొందరు పిల్లలయందు, దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే ఆ కణములను నాశనము చేయును. ఇక రక్తమున చక్కెర ఎంత నిండియున్నను దేహము ఆకలితో మాడును. చెరువు నిండియుండియు తూము తెరువని పొలమువలె ఎండును. బిడ్డ మాటిమాటికి నీళ్ళు త్రాగును, మాటిమాటికి మూత్రమునకు పోవును, ఎంత తిన్నను చిక్కిపోవును. తీపి ఎక్కువ తినుటచే ఈ వ్యాధి రాలేదు. తల్లి పెంపకమున లోపముండుటచేతను రాలేదు. ప్రక్కన కూర్చున్నవారికి ఇది అంటునదియు కాదు.

మన ప్రాచీన వైద్యులు ఈ రోగుల మూత్రము తేనెవలె తియ్యనగుటను, దానికి చీమలు పట్టుటను గమనించియుండిరి. మధుమేహమను పేరు అట్లు వచ్చినదే. పేరు దొరికిన తరువాత మందు దొరకుటకు రెండువేల ఏండ్లు పట్టెను.

బాంటింగు పుట్టినది అంటారియో రాష్ట్రమున అలిస్టన్ అను చిన్న ఊరి వద్ద నున్న పొలమున. తోబుట్టువు లందరిలో అతడే కడపటివాడు. పశువులను మేపుట, గడ్డి కోయుట, చలికాలమున మంచులో నడచి బడికి పోవుట అతని బాల్యము. చదువులో అతడు మొదటి వరుసవాడు కాడు. 1910లో టొరంటో విశ్వవిద్యాలయమున చేరి, మొదటి ఏటనే పరీక్ష తప్పెను. తల్లిదండ్రులు అతడు మతాచార్యుడు కావలెనని కోరిరి. అతని మనసు వైద్యమున నిలిచెను. 1912లో వైద్య తరగతులలో చేరెను. మార్కుల పట్టికలను చూచి బిడ్డల భవిష్యత్తును తేల్చివేయు పెద్దలు ఈ వాక్యములను మరల నొకసారి చదువుదురుగాక.

మొదటి ప్రపంచయుద్ధము వచ్చుటచే వైద్యవిద్యార్థుల చదువును త్వరపరచిరి. 1916 డిసెంబరున పట్టము పుచ్చుకొని బాంటింగు సైనికవైద్యుడై ఐరోపాకు పోయెను. 1918 సెప్టెంబరులో కాంబ్రే యను చోట జరిగిన యుద్ధమున అతని కుడి ముంజేతిలో ఫిరంగిగుండు పెంకు దిగెను. ఆ గాయముతోనే అతడు ఇతర క్షతగాత్రులకు గంటలతరబడి చికిత్స చేసెను. ఆ ధైర్యమునకు మిలిటరీ క్రాసు అను పతకము లభించెను. స్వదేశమునకు మరలివచ్చి టొరంటోలోని బాలల ఆస్పత్రిలో శస్త్రచికిత్స నేర్చెను. కాని అచట స్థిరమైన కొలువు దొరకలేదు.

1920 జూలైలో అంటారియోలోని లండను నగరమున (ఇది ఇంగ్లండు లండను కాదు, కెనడాలోని లండను) సొంత వైద్యశాల పెట్టుకొనెను. తలుపు తెరచి కూర్చుండెను, రోగులు రాలేదు. ఆ మొదటి నెల మొత్తము రాబడి 4 డాలర్లు. జీవనమునకై అచటి వైద్యకళాశాలలో గంటల లెక్కన పాఠము చెప్పుటకు కుదిరెను. మన కథ ఇచట మలుపు తిరుగుచున్నది. అక్టోబరు 30వ తేదీ రాత్రి, మరునాటి పాఠమునకై కాదు గాని ఆ వారమున చెప్పవలసిన పాఠమునకై, క్లోమమును గూర్చి చదువుచుండెను. పడుకొనుటకు ముందు ఒక వైద్యపత్రికలో మోజెస్ బారన్ అను వైద్యుని వ్యాసము కంటబడెను. క్లోమనాళమునకు రాయి అడ్డుపడినచో జీర్ణరసము చేయు భాగము కృశించిపోవుననియు, ఆ చిన్న కణసముదాయములు మాత్రము చెడక నిలుచుననియు అందు వ్రాయబడియుండెను. బాంటింగునకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున రెండు గంటలకు లేచి ఒక పుస్తకములో తన ఆలోచనను కొన్ని పంక్తులలో వ్రాసికొనెను: శునకము యొక్క క్లోమనాళమును ముడివేసి, జీర్ణరసము చేయు భాగము నశించువరకు ఆగి, మిగిలిన దానినుండి రసము తీసి చూడవలెనని. ఆ అర్ధరాత్రి వ్రాతలో వ్యాధి పేరునకే అక్షరదోషము పడినది. తెలుగు అయ్యవారలమైన మాకు ఆ సంగతి చదివినపుడు నవ్వు వచ్చినది.

క్లోమమును తీసివేసిన శునకమునకు మధుమేహము వచ్చునని 1889లోనే జర్మనీలో మింకోవ్‌స్కీ, మెరింగు అను పండితులు కనుగొనియుండిరి. ఆ రసమును బయటికి తీయవలెనని అప్పటినుండి పలుదేశములలో పలువురు యత్నించిరి. ఎవరికిని నిలకడగా ఫలించలేదు. టొరంటోలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన మెక్లౌడు ఈ సంగతులన్నియు ఎరిగినవాడు. పరిశోధన అనుభవము లేని ఒక పల్లెటూరి శస్త్రవైద్యుడు వచ్చి స్థలము కావలెనని అడుగగా ఆయన మొదట పెదవి విరిచెను. అయినను 1921 వేసవిలో ఒక గదియు, పది శునకములును, సాయమునకు ఒక విద్యార్థియు ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఆ విద్యార్థి చార్లెస్ బెస్టు. ఇద్దరు విద్యార్థులలో ముందెవరు పోవలెనో నాణెము ఎగురవేసి తేల్చుకొనిరని చెప్పుదురు. నాణెము బెస్టు వైపు పడినది.

మే 17న పని మొదలయ్యెను. ఆ వేసవిలో బాంటింగునకు జీతము లేదు. గది ఎండకు కాగుచుండెను. మొదటి శస్త్రచికిత్సలలో శునకములు వరుసగా మరణించెను. ముడివేసిన నాళములు కొన్ని మరల తెరచుకొనెను. శునకములు చాలక వీధులలో కొనితెచ్చుకొనిరి. జూలై 30న మొదటిసారి తాము తీసిన రసమును మధుమేహము గల శునకమునకు ఎక్కించి చూడగా రక్తమున చక్కెర తగ్గెను. శరత్కాలమున కబేళా నుండి గర్భస్థ దూడల క్లోమములు తెచ్చిరి. ఆపై సామాన్య పశువుల క్లోమము నుండియే మద్యసారముతో రసము తీయవచ్చునని తెలిసెను. అనగా, నాళమును ముడివేయవలెనన్న ఆ రాత్రి ఆలోచన తుదకు అవసరమే లేకపోయెను! ఆ ఆలోచన లేనిదే ఆ గదిలో పని ఆరంభమే కాకపోయెడిది. విజ్ఞానశాస్త్రము చదువు పెద్ద తరగతి పిల్లలు ఈ సంగతిని కొంతసేపు తలపోయవచ్చును. ప్రాణులను ఇట్లు హింసించుట తగునా యని అడుగు పిల్లలును ఉందురు. ఆ ప్రశ్న అడుగదగినదే. బాంటింగు ఆ శునకములను ప్రేమతో సాకెననియు, వానిలో మార్జొరీ యనునది రసము బలముచేతనే సుమారు డెబ్బది దినములు జీవించెననియు మాత్రము చెప్పగలము.

1921 డిసెంబరున కాలిపు అను రసాయన పండితుడు వీరితో చేరెను. రసమును మలినములు లేకుండ శుద్ధిచేయుట అతని వంతు.

టొరంటో సర్వజన ఆస్పత్రిలో లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలుడు మరణశయ్యపై నుండెను. వాని బరువు 65 పౌనులు, అనగా సుమారు ముప్పది కిలోలు. అప్పటి వైద్యమున ఇట్టి బిడ్డలకు ఉన్న ఉపాయ మొక్కటే: ఆహారమును తగ్గించుట. అమెరికాలో అలెన్ అను వైద్యుడు ఆ పద్ధతిని ప్రచారము చేసెను. అన్నము పెట్టిన వ్యాధి చంపును. పెట్టనిచో ఆకలి చంపును. రెండవది కొంచెము మెల్లగా చంపును. తల్లులు తాళము వేసి భోజనపదార్థములను దాచవలసి వచ్చిన రోజులవి. లెనార్డు తండ్రి క్రొత్తమందుకు సమ్మతించెను. 1922 జనవరి 11న బాంటింగు, బెస్టులు తీసిన రసమును సూదితో ఎక్కించిరి. చక్కెర కొంచెమే తగ్గెను. సూది గ్రుచ్చినచోట గడ్డ లేచెను. మందును ఆపివేసిరి. కాలిపు పగలనక రాత్రియనక పనిచేసి శుద్ధమైన రసమును సిద్ధపరచెను. జనవరి 23న దానిని ఎక్కించిరి. ఈసారి రక్తమున 520 మిల్లీగ్రాములున్న చక్కెర 120కి దిగెను. బాలుడు లేచి తిరుగసాగెను. ఇంకను పదుమూడేండ్లు జీవించి 1935లో ఊపిరితిత్తుల వ్యాధితో మరణించెను.

బాంటింగు ఒక పెద్దగదిలో స్పృహలేక పడియున్న పిల్లలకు వరుసగా సూదులు వేయుచు పోవగా, చివరి బిడ్డ చేరులోపల మొదటి బిడ్డ మేల్కొనెనని ఒక కథ ప్రచారమున ఉన్నది. ఆ కథకు ఆధారము లేదు. జరిగినది అంత వేగముగా జరుగలేదు. 1922 వసంతకాలమున కొన్నివారములు మందును తయారుచేయు పద్ధతియే చేజారిపోయెను. పెద్ద పాత్రలలో చేసిన రసమునకు బలము లేకుండెను. ఉన్న కొద్ది మందును ఏ బిడ్డకు ఇచ్చుట, ఏ బిడ్డకు లేదనుట? కల్పితకథకంటె ఈ సంకటమే మాకు హృదయవిదారకముగా తోచుచున్నది. ఆ సంవత్సరము అమెరికాలో ఇలై లిల్లీ యను మందుల సంస్థ పూనుకొనిన తరువాతనే కొరత తీరుట ఆరంభించెను.

ఎలిజబెత్ హ్యూస్ అను బాలిక అమెరికా విదేశాంగమంత్రి కుమార్తె. పదునొకండవ ఏట వ్యాధి బయటపడెను. మూడేండ్లు అలెన్ పద్ధతిలో అర్ధాకలితో బ్రతికెను. తల్లి బాంటింగునకు జాబు వ్రాయగా మందు లేదని ఆయన మొదట కాదనెను. ఆగస్టులో ఆమెను టొరంటోకు తెచ్చిరి. పదునైదవ ఏడు నిండనున్న ఆ బాలిక బరువు 45 పౌనులు, అనగా సుమారు ఇరువది కిలోలు! మన రెండవ తరగతి పిల్లల బరువు. ఆగస్టు 16న సూదిమందు ఆరంభమయ్యెను. కొన్నాళ్ళకే బాంటింగు ఆమెను రొట్టె తినుమని చెప్పెను. మూడేండ్లుగా ఎరుగని భాగ్యమది. ఆమె కోలుకొని, కళాశాల చదువు ముగించి, వివాహమాడి, ముగ్గురు బిడ్డల తల్లియై 1981 వరకు జీవించెను. సుమారు 42,000 సూదులు వేసికొనెనని లెక్క కట్టిరి. అదే వేసవిలో వచ్చిన టెడ్డీ రైడర్ అను బాలునకు అప్పుడు వయస్సు ఐదు, బరువు 26 పౌనులు. కోలుకొనిన పిదప వాడు బాంటింగునకు తన చేతివ్రాతతో జాబు వ్రాసెను. 1993లో మరణించునప్పటికి అతని వయస్సు 76 ఏండ్లు.

ఎలిజబెత్ జీవితమున మమ్ము ఆలోచింపజేసిన సంగతి మరొకటి కలదు. ఆమె తన వ్యాధిని జీవితమంతయు దాచెను. అతి సన్నిహితులకు తప్ప ఎవరికిని తెలియనీయలేదు. అంతటి గొప్పయింటి బిడ్డకే జాలిచూపులను గూర్చిన భయము అంత ఉండగా, మన ప్రాంతపు ఆడపిల్ల తల్లి, సంబంధములు కుదరవని తలచి, బడిలో చెప్పక ఊరకుండుట ఆశ్చర్యము కాదు. ఆ దాపరికము వలన ఏమగునో ముందు చెప్పుదుము.

ఇన్సులిను మీద హక్కును బాంటింగు, బెస్టు, కాలిపులు తలకొక్క డాలరునకు టొరంటో విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. 1923 జనవరిలో జరిగిన సంగతి యిది. కోరినచో వారు కోటీశ్వరులు కాగలిగియుందురు. అదే సంవత్సరము వైద్యమున నోబెలు బహుమానము బాంటింగునకును, మెక్లౌడునకును వచ్చెను. వైద్యశాస్త్రమున ఆ బహుమానము పొందినవారిలో నేటికిని ఆయనయే అందరికంటె చిన్నవాడు. అయితే బహుమానవార్త వినగానే ఆయన సంతోషించుటకు మారుగా మండిపడెను. బెస్టును విడిచి మెక్లౌడునకు ఇచ్చుట అన్యాయమని ఆయన తలపు. తన వంతులో సగము బెస్టునకు ఇచ్చెను. మెక్లౌడు తన వంతులో సగము కాలిపునకు ఇచ్చెను. మహాపురుషుల చరిత్రలలో ఇట్టివి దాచుట వాడుక, మేము దాచము. 1922 జనవరిలోనే, శుద్ధిచేయు రహస్యము విషయమై బాంటింగు కాలిపు మీద చేయిచేసుకొనునంత వరకు వచ్చెను. మెక్లౌడును ఆయన బ్రతికినంతకాలము క్షమింపలేదు. మా మట్టుకు మాకు, మెక్లౌడు ఇచ్చిన స్థలమును, సలహాలును, కాలిపు చేసిన శుద్ధియు లేనిచో లెనార్డు బ్రతికియుండడనియే తోచుచున్నది. నలుగురి పనిని ఒకరి పేర చెప్పుట లోకపు అలవాటు. ఈ వ్యాసము శీర్షికయు దానికి లోబడినదే.

కెనడా పార్లమెంటు ఆయనకు ఏటేట 7,500 డాలర్ల భృతి ఇచ్చెను. 1934లో సర్ బిరుదు వచ్చెను. పరిశోధనశాఖకు అధిపతియై, గనులలో రాతిధూళి పీల్చి చచ్చు కార్మికుల ఊపిరితిత్తుల వ్యాధిని గూర్చి పనిచేయించెను. ఇన్సులిను వంటి విజయము మరల కలుగలేదు. తీరిక దొరికినపుడు రంగులపెట్టె తీసికొని మంచుకొండలలో చిత్రములు వ్రాయుటకు పోవుచుండెను. జాక్సన్ అను సుప్రసిద్ధ చిత్రకారుడు ఆయన మిత్రుడు. 1927లో ఇద్దరును ఉత్తరధ్రువ ప్రాంతమునకు ఓడపై పోయి వచ్చిరి. రెండవ ప్రపంచయుద్ధమున, విమానచోదకులకు ఆకాశమున కలుగు బాధలను గూర్చిన పరిశోధనలకు తోడ్పడెను. 1941 ఫిబ్రవరిలో ఆ పనిమీదనే ఇంగ్లండుకు పోవుచుండగా ఆయన ఎక్కిన యుద్ధవిమానము న్యూఫౌండ్‌లాండు మంచుటడవిలో కూలెను. నలుగురిలో చోదకుడొక్కడే బ్రతికెను. బాంటింగు 21వ తేదీన మరణించెను. వయస్సు 49.

ఇన్సులిను బిడ్డలను చావునుండి తప్పించినది, వ్యాధిని మాన్పలేదు. ఆ బిడ్డలు ఆస్పత్రి నుండి ఇంటికి, ఇంటినుండి బడికి వచ్చిరి. అప్పుడొక క్రొత్త ప్రశ్న పుట్టెను: దినమునకు పలుమార్లు సూది వేసికొనవలసిన బిడ్డను బడిలో ఎవరు చూచుకొనవలెను? ఈ మందును నోట మ్రింగినచో జీర్ణమైపోవును గావున నేటికిని సూదితోనో, చిన్న యంత్రముతోనో చర్మము క్రిందికి ఎక్కించవలసినదే. మందు ఎక్కువైనను, భోజనము ఆలస్యమైనను, ఆట ఎక్కువైనను రక్తమున చక్కెర మితిమించి దిగిపోవును. బాంటింగు కాలపు పిల్లలే జేబులో తీపిబిళ్ళలు పెట్టుకొని తిరుగవలసి వచ్చెను. బోస్టనులో జోస్లిన్ అను వైద్యుడు రోగులే తమ చికిత్సను తాము నేర్వవలెనని పట్టుబట్టి, 1918లోనే వారికొరకు పుస్తకము వ్రాసియుండెను. ఇన్సులిను వచ్చిన పిదప పిల్లలకును అదే బోధించెను.

చక్కెర దిగిపోవు బిడ్డను గుర్తించుట తోటివారికి కష్టము కాదు. చెమట పట్టును, చేతులు వణకును, ముఖము పాలిపోవును, ఆకలి యనును. ఒక్కొక్కప్పుడు కారణము లేక కోపగించును, అడిగినదానికి పొంతనలేని జవాబు చెప్పును. ఉపాధ్యాయుడు ఎరుగనివాడైనచో దానిని పొగరనియో సోమరితనమనియో తలచి నిలబెట్టి శిక్షించును. దాపరికము వలన కలుగు ప్రమాదము ఇదియే. అట్టి సమయమున మూడు నాలుగు చెంచాల చక్కెరయో, గ్లూకోజు నీళ్ళో వెంటనే ఇవ్వవలెను. చాక్లెటుకంటె చక్కెర త్వరగా పనిచేయును. పావుగంట ఆగి, తగ్గనిచో మరల ఇవ్వవలెను. తగ్గిన పిదప రొట్టెయో అరటిపండో తినిపించవలెను. బిడ్డను ఒంటరిగా ఇంటికి పంపరాదు, మెట్లు దిగి నీళ్ళకు పొమ్మనరాదు. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయరాదు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి ఆస్పత్రికి చేర్చవలెను. చక్కెర వ్యాధి గలవానికి చక్కెర ఇచ్చుటేమని సంకోచించు పెద్దలకు మేము మరల మరల చెప్పునది ఇదే: ఆ క్షణమున అదే మందు.

తక్కినవి చిన్న సంగతులు. నీళ్ళు త్రాగుటకును, మూత్రమునకు పోవుటకును ఆ బిడ్డ అడిగినప్పుడెల్ల పంపవలెను. మధ్యాహ్న భోజనపు వరుసలో ముందు నిలుపవలెను. వ్యాయామపు గంటకు ముందు ఏదైన తిననీయవలెను. ఆటనుండి మాత్రము తొలగింపరాదు. వార్షికోత్సవమునాడు ముఖ్యఅతిథిగారు రెండుగంటలు ఆలస్యముగా వచ్చుట మన దేశాచారము. స్వాగతగీతము పాడు వరుసలో ఎండలో నిలిచిన పిల్లలలో ఇట్టివాడుండునేమో చూచుకొనుట మన వంతు. కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2017లోనే తన పరీక్షలలో ఇట్టి పిల్లలు తీపిబిళ్ళలు, పండ్లు, నీళ్ళ సీసా పరీక్షగదిలోనికి తీసికొనిపోవుటకు అనుమతించినది. మన పిల్లలు వ్రాయునది వేరు మండలి పరీక్ష. ఆ అనుమతిని ముందుగా కోరి, వైద్యుని పత్రముతో ప్రధానోపాధ్యాయుల ద్వారా తెచ్చుకొనుట మంచిది.

ఉబ్బసము గల పిల్లలకు సుద్దముక్క పొడి పడదు. వారిని నల్లబల్లకు దూరముగా కూర్చుండబెట్టి, పీల్చు మందును బీరువాలో తాళము వేయక వారి సంచిలోనే ఉంచనీయవలెను. మూర్ఛ వచ్చిన బిడ్డచేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట మన ఊళ్ళలో ఇంకను పోలేదు. ఇనుమువలన మూర్ఛ ఆగదు. అది దానంతట అదే ఆగును. నోటిలో చెంచా దూర్చుట మరింత కీడు. తల క్రింద మెత్తని గుడ్డ పెట్టి, ప్రక్కకు త్రిప్పి, చుట్టుమూగిన వారిని తొలగించి, గడియారము చూడవలెను. ఐదు నిమిషములు దాటినచో ఆస్పత్రికి పోవలెను.

మందు నిలువచేయుటను గూర్చి తల్లులు మమ్ము అడుగుచుందురు. ఇన్సులిను వేడికి చెడును, గడ్డకట్టినను చెడును. మంచుపెట్టె లేని ఇంట తడియిసుకపై పెట్టిన మట్టికుండలో, నీరు తగులకుండ మూతగల డబ్బాలో ఉంచినచో కొంత చల్లగా నుండును. బడికి తెచ్చినదానిని ఎండపడు కిటికీవద్ద పెట్టరాదు.

మన తల్లిదండ్రులకు మరియొక చిక్కు కలదు. వైద్యుడు చెప్పునది తమిళమునో కన్నడమునో. చీటీ వ్రాయునది ఇంగ్లీషున. ఎన్ని యూనిట్లు, ఏ పూట, భోజనమునకు ముందో వెనుకో అను మూడు సంగతులలో ఏ యొకటి తారుమారైనను ప్రాణమునకు ముప్పు. తల యూపి ఇంటికి వచ్చుటకంటె, అచటనే మరల అడిగి, విన్నదానిని తిరిగి వైద్యునకు అప్పగించి చూచుకొనుట మేలు. అట్టి బిడ్డ గలవారు, ఏ పూట ఎంత మందో, చక్కెర దిగినపుడు బిడ్డ ఎట్లుండునో, ఎవరికి ఫోను చేయవలెనో ఒక కాగితముపై వ్రాసి బడి తెరచిన మొదటి వారముననే తరగతి ఉపాధ్యాయునకు ఇవ్వవలెనని కోరుచున్నాము. ఆ కాగితము ఆయనయొద్దనే ఉండును. గ్లూకోజు పొట్లము ఉపాధ్యాయుల గదిలోని అలమరలో, తాళము లేని అరలో ఉన్నది. కాగితము తమిళమున ఉండనక్కరలేదు, ఇంగ్లీషున ఉండనక్కరలేదు. తెలుగులో వ్రాసి పంపవచ్చును.